మేనేజరు ఇంటి అరుగు

ముందే చెప్పేస్తున్నాను, ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. మా ఇంట్లో పిల్లి ఈనితే పులి ఈనిందని నాలుగు వీధులకూ చాటే రకం నేను. మీకు తోచినంత తగ్గించుకుని చదువుకోండి. మొన్న గీదం బస్టాండులో దంతెవాడ జీపు కోసం కూర్చుని ఉంటే, గనుల కాలనీ కుర్రాళ్లు కొందరు టీ తాగుతూ, తమ ఫుట్‌బాల్ టీముకు కొత్త మేనేజరు ఎవరొస్తారని ఒకరి గొంతు మీద ఒకరు లేచి వాదించుకుంటున్నారు. పాతాయనకు ఏమైందని అడిగాను. "ట్రాన్స్‌ఫర్ అయింది సార్" అన్నాడొకడు. ఆ మాట నాకెంత హాయిగా వినబడిందో వాడికేం తెలుసు.

బస్తరు ఇంకా రాజుగారి రాజ్యంగా ఉన్న రోజుల్లో భోపాల్‌పట్నంలో మాకూ ఒక క్లబ్బుండేది. దానికి మా మేనమామ మేనేజరు. ఆయన మీసాల కొసన పిచ్చుకలు ఊయలూగేవి. ఆయన గొంతెత్తితే ఇంద్రావతిలో మొసళ్లు ఒడ్డు మార్చుకునేవి. పదకొండు మందిని ఎంచడం, పడవల వాళ్లతో బేరమాడడం, ఓడాక జరిగే కొట్లాట ఆపడం ఆయన పనులు. ఏటా అవతలి ఒడ్డు టీము చేతిలో ఓడడం మాకు ఆనవాయితీ కనక కొట్లాట పనే ఎక్కువ. ఊరందరికీ కలిపి ఒకటే బంతి. తోలు పగలకుండా మామ దానికి మేక కొవ్వు పట్టించి, తన మంచానికి పైన కొక్కేనికి వేలాడదీసేవాడు. బంతి ఎవరింట్లో ఉంటే వాళ్లే మేనేజరు, అంతకు మించి ఎన్నికా లేదు, ఉత్తర్వూ లేదు. బంతి ఇమ్మని అడగడమంటే ఆ మనిషిని దించేసినట్టే.

ఆ ఏడు వానలు తగ్గగానే మామను అడవి జ్వరం పట్టుకుంది. వైద్యుడు ఏనుగుకైనా చెవుడొచ్చేంత కొయినా, అదే క్వినైను, మింగించాడు. కొయినా ఎక్కువైతే చెవుల్లో హోరు పుట్టి ఏమీ వినబడదని మా వైపు పసిపిల్లలకు కూడా తెలుసు. మామ కూడా పిలిస్తే పలకడం మానేశాడు. అవతలి ఒడ్డుతో మ్యాచ్ దగ్గరపడుతోంది. లేచి, జట్టును నది దాటించాలన్నదే ఆయన పట్టుదల అని అత్త చెప్పేది. బంతి అడిగే ధైర్యం ఎవరికీ లేదు. అందుకని అభిమానులమంతా సాయంత్రమయ్యేసరికి ఆయన అరుగు మీదే, ఆయన కిటికీ కిందే చేరి, తర్వాతి మేనేజరు ఎవరో తేల్చడం మొదలుపెట్టాం. ఆయనకెలాగూ వినబడదు కదా.

"నాకేదారు సాబే మంచిగుంటడు" అన్నాడు పడవ నడిపే తాత. అడవి గార్డును మేం నాకేదారనేవాళ్లం. "ఆయన దగ్గర సీటీ ఉన్నది, ఊదితె అందరు ఆగుతరు."

"ఏంది తాతా, సీటీ ఉంటె సరిపాయెనా? టేకు దొంగల్నే పట్టలేడు, అవతలోళ్ల ఫార్వర్డును పడతడా?" అన్నాడు బట్టల షావుకారు. ఆ పదవి తనకే కావాలని ఆయన అంగట్లో మూరకర్రకు కూడా తెలుసు.

"నువ్వయితె గోలు కొట్టినోనికి తుండుగుడ్డ ఇస్తవ్, గది గూడ చిరిగింది" అన్నాడు తాత.

అందరం నవ్వాం. షావుకారు నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు అల్లుడూ, మీ మామ ఇంక లేస్తడా?"

"కష్టమే" అన్నాను నేను, పెద్ద డాక్టరులాగా.

అప్పుడు లోపల్నుంచి మామ గొంతు పిడుగులా పడింది. "షావుకారుకే ఇయ్యండ్రిరా! ఓడితె మొగం కప్పుకొని ఏడ్వనీకి గుడ్డన్న దొరుకుతది!" వీధిలో ఎద్దులు తాళ్లు తెంపుకున్నాయి. మేం నవ్వలేక అరుగు మీద దొర్లాం.

తలుపు తెరుచుకుంది. అత్త బంతి పట్టుకొచ్చి నా ఒళ్లో పెట్టింది.

"తీస్కపోండ్రి. బంతి దించియ్యమని ఆయనే అన్నడు."

"అత్తా, మామకు..."

"ఇంక పన్జెయ్యదని వైద్యుడు మొన్ననే కొయినా ఆపిండు అల్లుడా. నిన్నటి సంది అన్నీ ఇనబడుతున్నయ్."

షావుకారు చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. బంతికున్న కొవ్వు నా పంచెకు అంటుకుంది. తాత ఒక్కడే లేచి, కిటికీకి దండం పెట్టి వెళ్లాడు. తెల్లారేసరికి మామ పోయాడు. తర్వాత నాకేదారు మేనేజరయ్యాడు, నది దాటాం, ఓడాం. కొట్లాటలో తాత పళ్లు రాలిపోతుంటే నాకేదారు సీటీ ఊదుతూనే ఉన్నాడు, ఎవరూ ఆగలేదు.

పిచ్చుకలనూ మొసళ్లనూ మీరు ఎప్పుడో తగ్గించుకుని ఉంటారు. నేను పూర్తిగా అల్లింది ఒక్కటే, షావుకారు గురించి మామ అరిచిన మాట. ఆ సాయంత్రం లోపల్నుంచి మా దాకా ఏ చప్పుడూ రాలేదు. అత్త తలుపు తీసినప్పుడు ఆయన కళ్లు తెరుచుకుని కిటికీ వైపే చూస్తున్నాడు. ఆ చూపుకు ఏదో ఒక మాట తగిలించకపోతే నాకు నిద్ర పట్టేది కాదు. ఇన్నేళ్లుగా చెప్పీ చెప్పీ ఆ మాట ఇప్పుడు నాకు మామ మాటగానే వినబడుతోంది. ఆయన నిజంగా మాట్లాడినప్పుడు గొంతు ఎలా ఉండేదో మాత్రం, కాలం నా దగ్గర మిగల్చలేదు.