మొదటి జుబ్బాకు మల్లు గుడ్డ

మా చిన్నప్పుడు... ఇంట్లోగానీ వీధిలోగానీ బిడ్డ పుట్టిందంటే చాలు, అమ్మ నన్ను వెంటబెట్టుకుని చిత్తూరు బజారు వీధికి బయల్దేరేది. పురుడయ్యే దాకా బిడ్డకు పాత చీర గుడ్డే. పేరు పెట్టే రోజు మాత్రం మొదటి కొత్త జుబ్బా వేయాలి... అది మా అమ్మ కుట్టిందే అయ్యుండాలి. ఎప్పుడు మొదలైందో తెలియదు, మావాళ్ళకు అదొక ఆనవాయితీ అయిపోయింది.

ఆ జుబ్బాకు మల్లు గుడ్డ, అంటే పల్చటి మెత్తటి నూలు గుడ్డ, శెట్టి అంగట్లోనే కొనేది. తెల్ల పరుపు, గోడ పొడవునా తానులు, లోపలికి పోతే గంజి వాసన... శెట్టి అంచున కత్తెరతో చిన్న గాటు పెట్టి, రెండు చేతులా పట్టి చర్రున చించేవాడు. అసలైన నూలయితే పోగు వెంబడి తిన్నగా చిరుగుతుంది, కల్తీదైతే వంకర పోతుంది. నేను ఇంకోసారి చించమని అడిగి మొట్టికాయ తినేదాన్ని.

పోయినేడు మా చెల్లెలు కడుపుతో ఉంది. పెళ్ళయిన చాలా ఏళ్ళకు... అంతకుముందు కడుపు నిలవలేదు. అందుకని అమ్మ ఆ మాట పైకి అనడానికే జంకేది. సరిగ్గా అప్పుడే శెట్టి అంగడి తీసేస్తున్నాడని తెలిసి ఇద్దరం పోయాం. ఆయన మల్లు తాను మా ముందు పరిచాడు.

"ఇదే కడా తానమ్మా, ఇంగ రాదు. మీ చిన్నపాపకు నెలలు నిండొచ్చినాయంట గదా, తీసుకుపో."

అమ్మ గుడ్డను నిమిరి, మళ్ళీ మడత పెట్టేసింది.

"కడుపులో బిడ్డకు గుడ్డ కొనకూడదు గదన్నా. పుట్టినాక వస్తా."

పోనీ తీసి పక్కన పెడతానన్నాడు.

"నువ్వు ఎత్తిపెట్టినా నేను కొన్నట్టే అన్నా. వద్దు."

నేనూ వద్దనే అన్నాను. ఆ భయం అలాంటిది.

ఆడబిడ్డ పుట్టింది, చల్లగా ఉంది. కబురు రాగానే బజారు వీధికి పరుగెత్తితే షట్టరు దించేసి ఉంది. మిగిలిన సరుకు ఎవరో మొత్తంగా ఎత్తుకుపోయారట. ఆయన కొడుకు దగ్గరికి బెంగుళూరు వెళ్ళిపోయాడట.

పురుడు దాకా తిరగని చోటు లేదు. తిరుపతిలో నాలుగంతస్తుల ఏసీ అంగట్లో మల్లు గుడ్డ అంటే అక్కడి అమ్మాయి మల్లెపూల డిజైను చీరలు తీసి పరిచింది! నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇంకో చోట కాటనే అన్నారు. ఓ గాటు పెట్టి చించమంది అమ్మ. చించితే ఓనరు తిడతాడన్నాడు అబ్బాయి. బతిమాలితే చించాడు... వంకరగా పోయింది. పలమనేరులో లైనింగ్ గుడ్డ చూపించారు. ఆన్‌లైన్లో తెప్పిస్తే, ఒక్క ఉతుక్కి గంజి పోయి జల్లెడ మిగిలింది.

పేరు పెట్టే రోజు బిడ్డకు రెడీమేడ్ గౌను వేశారు. మెడ చుట్టూ లేసు. కాసేపటికే మెడంతా ఎర్రగా కందిపోయింది, గుక్కపట్టి ఏడ్చింది. చెల్లెలు గౌను విప్పేసి మళ్ళీ పాత చీర గుడ్డే చుట్టింది.

వచ్చినోళ్ళందరిదీ ఒకటే ప్రశ్న, ఈసారి నువ్వు కుట్టలేదా అని. ఊరందరి బిడ్డలకూ కుట్టి సొంత మనవరాలికి కుట్టలేదేమని. అంగడి మూసేశారని చెబుతుందనుకున్నాను. చూపు ఆనడం లేదంది అమ్మ. అబద్ధం! ఈరోజుకీ సూదిలో దారం ఒక్కసారికే ఎక్కిస్తుంది.

ఆ సాయంత్రం మిషను మీద దుప్పటి కప్పేసింది. ఇంకా వెతుకుదాం, దొరుకుతుంది అన్నాను.

"ఇంగ యాడా ఎతకొద్దు పాపా. మొదటిది అయిపోయినాది. ఇంగెన్ని కుట్టినా రెండోదే గదా."



బిడ్డ ఇప్పుడు గోడ పట్టుకుని నిలబడుతోంది. ఇక మల్లు గుడ్డ దొరికినా అమ్మ ముట్టదని తెలుసు. అయినా కొత్త ఊళ్ళో బస్సు దిగితే నా కళ్ళు గుడ్డల అంగడి కోసమే వెతుకుతాయి...

మీకు మొదటి జుబ్బా ఎవరు కుట్టారు? వాళ్ళింకా కుడుతున్నారా? కుడుతుంటే, గుడ్డ యాడ దొరుకుతోందో ఇప్పుడే అడిగి పెట్టుకోండి.