నర్సమ్మ కూర్చున్న మధ్యాహ్నం

హెడ్ నర్సుగా రిటైరయ్యాక నర్సమ్మ మతిమరుపు జబ్బు వచ్చిన పెద్దవాళ్ల కోసం ఒక కేంద్రం తెరిచింది. పగలంతా చూసుకుని సాయంత్రం ఇళ్లకు పంపే ఏర్పాటు. అదే జబ్బుతో ఉన్న అత్తగారిని ఒంటిచేత్తో సాకిన మనిషి ఆమె. తనలాంటి కూతుళ్లకు, కోడళ్లకు పగటిపూటైనా ఊపిరాడాలని పట్టుదల.

అంతా వార్డు పద్ధతే. తెల్ల దుప్పట్లు, ఆకుపచ్చ తెరలు, గంట కొట్టగానే మంచాల దగ్గరికి వరసగా పళ్లేలు. ఆమెకు తెలిసింది అదొక్కటే. చేరిన నలుగురూ పొద్దున్నే మొదలుపెట్టేవాళ్లు: "డిశ్చార్జి ఎప్పుడు?"

వాళ్లలో టైలర్ మాస్టారైతే చేరినప్పటి నుంచి మధ్యాహ్నం మెతుకు ముట్టలేదు. ఆయన కూతురు మొహమాటపడుతూనే తేల్చేసింది.

"ఇవాళా తినకపోతే తీసుకెళ్లిపోతాను అత్తా. ఉద్యోగం మానేస్తాను, ఏం చేయను?"

నర్సమ్మ లెక్క వేసుకుంది. ఒకరు కదిలితే మిగతావాళ్లూ కదులుతారు. ఆపైన తలుపుకు తాళమే.

భోజనం వేళకు కూతురు అక్కడే ఆగింది. నర్సమ్మ పళ్లెం పెట్టి, అలవాటుగా పక్కన నిటారుగా నిలబడింది. మాస్టారు పళ్లెం జరిపేశాడు.

"చెప్పమ్మా, కొలత జాకెట్టు తెచ్చావా?"

"ముందు తినండి మాస్టారూ."

"నువ్వలా నిలబడితే ఎట్లా తింటాను?"

కూతురు నవ్వాపుకోలేకపోయింది. "బట్టలివ్వడానికి ఎవరైనా నిలబడితే నాన్న కంచం ముట్టేవాడు కాదత్తా. ముందు నీ నడుం కొలత చూసుకో, సన్నబడిపోతోందని అమ్మ ఆయన్ని రోజూ దెప్పేది."

నర్సమ్మ కుర్చీ వంక చూసింది. పేషెంటు ముందు కూర్చున్న నర్సుకు పెద్ద డాక్టరు చీవాట్లు పెట్టే కాలం ఆమెది. ఆ భయం ఎముకల్లో ఇంకిపోయింది.

"కూర్చోండమ్మా," అంది వెనకనుంచి వంటావిడ. "ఇక్కడికి రౌండ్లకు ఎవరూ రారు."

కూర్చుంది. తనకూ ఒక పళ్లెం తెప్పించుకుంది. ఆమె ముద్ద కలిపి నోట్లో పెట్టుకునేదాకా మాస్టారు చూశాడు. తర్వాత తన పళ్లెం దగ్గరికి లాక్కున్నాడు.

కూతురు బ్యాగు తగిలించుకుని ఆఫీసుకు వెళ్లిపోయింది.

మర్నాడు ఎవరూ గంట కొట్టలేదు. ఒకే పెద్ద బల్ల, చుట్టూ అందరూ. మధ్యలో ఎందుకో లేవబోయిన నర్సమ్మను మాస్టారే ఆపాడు.

"నీ జాకెట్టు ఎల్లుండికి ఇస్తాలే తల్లీ. కూర్చుని తిను."

నర్సమ్మ మళ్లీ వడ్డించుకుంది.