బిలాస్‌పూర్‌లో ఒక డిఫెండర్‌తో ఒక రోజు

మా అమ్మాయి సాహితికి పదమూడేళ్ళు. రోలర్ హాకీ ఆడుతుంది. ఈ ఏడాది కోచ్ తనని ఫార్వర్డ్ నుంచి డిఫెన్స్‌కి మార్చాడు. అప్పటినుంచి ఇంట్లో ఏడుపే. బిలాస్‌పూర్‌లో నీలవేణి అనే తెలుగమ్మాయి ఉందనీ, దేశం తరఫున ఐస్ హాకీలో డిఫెండర్‌గా ఆడిందనీ ఓ స్నేహితురాలు చెప్పింది. ఫోన్ చేస్తే, "రండక్కా, ఒక పూట నాతో ఆడిద్దాం" అంది.

డిసెంబరులో బయల్దేరాం. విశాఖలో సాయంత్రం ఎక్కితే పొద్దున తొమ్మిదికి బిలాస్‌పూర్‌లో దిగొచ్చు. స్లీపర్ టికెట్టు నాలుగొందలకు అటూ ఇటూ. మా బండి గంటన్నర ఆలస్యంగా పదిన్నరకు చేరింది. నెహ్రూ నగర్‌కి ఆటో అతను నూటయాభై అడిగి నూటఇరవైకి ఒప్పుకున్నాడు. సాహితి భుజాన స్కేట్లు చూసి, "అచ్ఛా, నీలూ దీదీ కే ఘర్?" అని నవ్వి, చిరునామా అడక్కుండానే గుమ్మం ముందు దింపాడు.

తలుపు తీసింది నీలవేణి నాన్న అప్పలనాయుడుగారు. టెక్కలి నుంచి వచ్చి ఇక్కడి రైల్వే లోకో షెడ్‌లో ముప్ఫైనాలుగేళ్ళు ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. "ఏటమ్మా, రైల్లో నిద్దర పట్టిందేటి? ముందు తినండి" అంటూ తనే వేడివేడిగా మినపరొట్టె వేసి పెట్టారు.

తింటుండగా నీలవేణి తన సంగతి చెప్పింది. రైల్వే కాలనీ సిమెంటు కోర్టులో స్కేటింగ్ నేర్చుకుంది. పద్దెనిమిదేళ్ళప్పుడు లేహ్‌లో శిక్షణ శిబిరానికి వెళ్ళి మొదటిసారి మంచు మీద నిలబడింది. మూడు రోజులు పడుతూనే ఉందట, ఆ ఎత్తులో ఊపిరాడక రాత్రుళ్ళు కూర్చునే ఉందట. కానీ వెనక్కి స్కేట్ చెయ్యడంలో తనని మించినవాళ్ళు లేకపోవడంతో డిఫెండర్‌ని చేశారు. ఎదురొచ్చేవాళ్ళ మీంచి చూపు తిప్పకుండా అదే వేగంతో వెనక్కి పోవాలి. తర్వాత యూరప్‌లో ఓ చిన్న ఊరి క్లబ్బు జీతమిచ్చి ఆడించుకుంది. రెండో సీజన్లో అంచుగోడకు గుద్దుకుని కుడి మోకాలి లిగమెంటు తెగింది. ఆపరేషనయ్యాక ఒప్పందం పొడిగించలేదు.

"ఇప్పుడు బాగుందక్కా. వచ్చే వారమే లేహ్‌లో మళ్ళీ నేషనల్ క్యాంప్" అంది, కళ్ళు మెరుస్తుండగా. వాళ్ళ నాన్న ఆమె మోకాలి వైపు ఓసారి చూసి, ఖాళీ పళ్ళేలు తీసుకుని లోపలికెళ్ళారు.

నాలుగున్నరకు నలుగురం కోని అనే పేటకి వెళ్ళే దారిలో ఉన్న సిమెంటు రింక్‌కి వెళ్ళాం. సాహితి బంతితో దూసుకు రావాలి, నీలవేణి ఆపాలి. పదిసార్లు వచ్చింది, పదిసార్లూ ఆ కర్ర ముందే అక్కడుంది. పదకొండోసారి సాహితి చప్పున పక్కకు మళ్ళింది. నీలవేణి కుడికాలు తిరగలేదు. బంతి గోల్‌లో పడింది. ఎగిరి గంతేసిన సాహితి, ఆవిడ మొహం చూసి ఆగిపోయింది.

"ఔర్ ఏక్ బార్. అటువైపే రా" అంది నీలవేణి. మళ్ళీ గోలే. మూడోసారీ అంతే.

ఆవిడ వచ్చి గట్టు మీద కూర్చుని మోకాలు పట్టుకుంది. "పన్నెండు నిమిషాల్లో ఈ మోకాలి లోపం చిన్నపిల్లకి దొరికిపోయింది. అవతలి టీమ్‌కి దొరకదా అక్కా?"

"నా వల్లేనా?" అంది సాహితి.

"కాదురా. ఇది నాకు రెండు నెలల్నించీ తెలుసు. నువ్వు సరిగ్గా చూశావు. అలాగే చూడాలి."

అప్పలనాయుడుగారు పక్కన కూర్చున్నారు. "మెట్లు దిగినప్పుడల్లా సూస్తన్నానే. నువ్వే సెప్తావని ఊరుకున్నాను."

నీలవేణి కాసేపు ఏడ్చింది. తర్వాత మొహం తుడుచుకుని టీమ్ కోచ్‌కి ఫోన్ చేసి, జరిగింది దాచకుండా చెప్పింది. "ఆడలేను మేడమ్. డిఫెండర్లకి నేర్పడానికి చోటుంటే మాత్రం వస్తాను." అంతా హిందీలోనే. అవతలి మాటలు చాలాసేపు విని, "రమ్మంటున్నారు నాన్నా. కొత్తపిల్లలు ముగ్గురున్నారట" అంది.

నీలవేణి పదమూడేళ్ళ ఆట ఒక ఫోన్‌తో ముగియడం నా కళ్ళముందే జరిగింది. మోకాలి సంగతి దాచుకుని ఇంకో సీజన్ నెట్టుకురావచ్చు, చాలామంది అదే చేస్తారు. తన చోటు ఆ ముగ్గురిలో ఒకరికి వదిలి, వాళ్ళ వెనక నిలబడడానికి ఆమె సిద్ధపడింది. అందులో బాధ లేదని నేను రాయలేను, ఆమె ఏడుపు విన్నాను కాబట్టి. కానీ ఆ సాయంత్రం రింక్ నుంచి ఇంటికి వస్తూ, ముగ్గురికీ మొదటి రోజు ఏం నేర్పాలో దారిపొడుగునా సాహితికి చెబుతూనే ఉంది.

మీరూ పిల్లలతో వెళ్తే డిసెంబరు, జనవరి మేలు. ఎండాకాలంలో ఆ సిమెంటు మీద సాయంత్రం ఆరైనా కాలు పెట్టలేరు.