పానకాలు పెద్దది చేసిన బెజ్జం

ప్రత్తిపాడు నుంచి పెదనందిపాడు వెళ్లే రోడ్డు పక్కన, రేకుల షెడ్డులో పానకాలు స్ప్రేయర్లు బాగుచేస్తాడు. మిరపకీ పత్తికీ వీపున తగిలించుకుని మందు కొట్టే పెట్రోలు మిషన్లవి. ఎవరైనా తూలుతూ వస్తే, "నేను మందు కొట్టే మిషన్లే చూస్తాను. మందు కొట్టిన మనుషుల్ని చూడను. పొద్దున రా" అని పంపేస్తాడు. తూలకుండా వచ్చినవాళ్లకీ పెద్ద మర్యాదేం దక్కదు. "పోయినేడు పోసిన పెట్రోలు ఇంకా ట్యాంకులోనే ఉంచావా? మజ్జిగైనా మూడోనాటికి పారబోస్తారు కదరా!" అంటాడు.

ఆయన పుట్టింది మంగళగిరిలో. అక్కడి కొండమీది స్వామి, భక్తులు పోసిన పానకంలో సగం తాగి సగం వెనక్కి ఇస్తాడు. ఆ పేరు పెట్టుకున్న పాపానికి, ట్యాంకులో పెట్రోలు కాస్త తగ్గితే చాలు, "సగం స్వామివారు పుచ్చుకున్నారా?" అని రైతులు ఎగతాళి చేస్తారు.

నలభై దాటేదాకా చీరలు నేశాడు. నేతలో బతుకు సాగక, భార్య పిచ్చమ్మ ఊరని ప్రత్తిపాడు వచ్చి, ఎకరం కౌలుకు తీసుకుని మిరప వేశాడు. మిరప ఆయన మాట వినలేదు. రెండేళ్ల సేద్యంలో చివరికి మిగిలింది ఒక చెడిపోయిన స్ప్రేయరు. కోపంతో దాన్ని విప్పాడు, ఏం తోచక మళ్లీ బిగించాడు. అది లేచి కూర్చుంది. "పోన్లే, చేను ఎండినా ఇంజనైనా చిగిర్చింది" అంది పిచ్చమ్మ. షెడ్డు అలా మొదలైంది.

ఆ ఇంజన్లకి వచ్చే రోగం దాదాపు ఒకటే. కార్బురేటర్లో జెట్ అని చిన్న ఇత్తడి ముక్క ఉంటుంది. దాని నడుమ సూదిమొన పట్టేంత బెజ్జం. పెట్రోలు అందులోంచే ఇంజనుకి పోవాలి. వాడకుండా వదిలేస్తే పెట్రోలు జిగురై, గట్టిపడి, దాన్ని మూసేస్తుంది. మిగతా మెకానిక్కులు చీపురు పుల్లతోనో బ్రేకు తీగతోనో పొడిచేవారు. పానకాలూ మొదట్లో అంతే. పక్క కొట్లో సెల్‌ఫోన్లు బాగుచేసే షఫీక్ ఒకరోజు చిన్న డబ్బా తెచ్చిచ్చాడు. అందులో సూదుల్లాంటి డ్రిల్ బిట్లున్నాయి.

"నేను పట్టుకుంటే విరిగిపోతున్నాయి బాబాయ్. నీ చేతికి ఆగుతాయేమో చూడు" అన్నాడు.

పోగులు ముడివేసిన వేళ్లకి అవి ఆగాయి. పానకాలు తనకు తానే ఒక నియమం పెట్టుకున్నాడు. బెజ్జం కంటే ఒక సైజు చిన్న బిట్టే వాడాలి. రెండు వేళ్ల మధ్య మెల్లగా తిప్పాలి, మిషనుకి తగిలించకూడదు. ఆ నియమం నాలుగేళ్లు నిలిచింది.

అయిదో ఏడు, మిరప పూత మీదుండగా నల్ల తామరపురుగు పడింది. ఊళ్లో స్ప్రేయర్లన్నీ ఒక్కసారే షెడ్డుకి వచ్చాయి. వరసలో అంకమ్మరావు ఉన్నాడు. రెండెకరాల మిరప, ఊరంత గొంతు.

"పురుగు పూతంతా నాకేస్తోంది, నువ్వేమో అక్కడ బుగ్గలు నిమురుతున్నట్టు తిప్పుతున్నావు! ఏంటయ్యా అది?"

పానకాలుకి రోషం వచ్చింది. చేతికందిన బిట్టు తీసి, చేతి డ్రిల్లుకి బిగించి, స్విచ్చి నొక్కాడు. జుయ్‌మంది. పని అరనిమిషంలో అయిపోయింది. ఇంజను ఒక్క లాగుకే లేచింది. "ఇదీ పనంటే" అన్నాడు అంకమ్మరావు.

మధ్యాహ్నానికి మిషను వీపు మీదేసుకుని, తడిసిపోయి, ఎర్రటి మొహంతో తిరిగొచ్చాడు.

"స్వామివారు సగమే పుచ్చుకుంటారనుకున్నాను. ఇది మొత్తం తాగేసింది! తెల్లటి పొగ, నాలుగు సాళ్లకే ఆగిపోయింది."

"నువ్వు పెట్రోల్లో నూనె ఎక్కువ కలిపుంటావు" అన్నాడు పానకాలు. అబద్ధమని నోట్లోంచి వస్తుండగానే ఆయనకి తెలుసు.

అంకమ్మరావు పెట్రోలు వంపేసి, అక్కడే కొత్తగా కలిపించి లాగాడు. మళ్లీ అదే పొగ. షెడ్డంతా దగ్గుతోంది. అరుగు మీద గోంగూర ఒలుస్తున్న పిచ్చమ్మ లేచొచ్చి, జెట్ విప్పించి, ఎండకెత్తి చూసింది.

"నూనె తప్పు కాదు అన్నయ్యా, ఈయన తప్పే. పెద్ద బిట్టు పెట్టాడు. ఇందులోంచి చీమ పిల్లల్తో సహా పోతుంది."

వరసలో ఉన్నవాళ్లంతా నవ్వారు. పానకాలు నవ్వలేదు. "అవును. నేనే చెడగొట్టాను" అన్నాడు. ఆ షెడ్డులో ఆ మాట ఎవరూ అంతకుముందు వినలేదు.

ఆ మిషను చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. గుంటూరులో నాలుగు కొట్లకి ఫోన్ చేస్తే, జెట్ లేదు, వేరే కార్బురేటర్ తెప్పించాలంటే పది రోజులు పడుతుందన్నారు. పది రోజులకి పురుగు మనవల్ని ఎత్తుకుంటుంది. పానకాలు అన్నం ముందు కూర్చుని, తినకుండానే లేచాడు. చివరికి షఫీక్ దగ్గరికి వెళ్లాడు.

"సెల్‌ఫోన్లో తీగలు అతికిస్తావే, ఆ సీసంతో ఈ బెజ్జం మూసెయ్యి. మళ్లీ కొత్తగా పెడతాను."

మొదటిసారి సీసం ఊడిపోయింది. రెండోసారీ అంతే. ఇత్తడిని బాగా గీకి, శుభ్రం చేశాక మూడోసారి పట్టింది. జెట్ మీద దాని నంబరు చెక్కి ఉంది, అరవై అయిదు. అంటే మిల్లీమీటరులో వందకి అరవై అయిదు వంతుల బెజ్జం. సరిగ్గా ఆ సైజు బిట్టు తీసి, పానకాలు తలుపు పక్క వెలుతురులో కూర్చుని తిప్పడం మొదలుపెట్టాడు. గంటన్నర పట్టింది. ఆ గంటన్నరా అంకమ్మరావు నోరెత్తలేదు. షఫీక్ అయితే అదే అసలైన అద్భుతమంటాడు.

మర్నాడు పొద్దున్నే పానకాలు మిషన్ని తనే వీపున వేసుకుని అంకమ్మరావు చేలో దిగాడు. ట్యాంకు మీద ట్యాంకు, రెండెకరాలూ తనే కొట్టాడు. నడుము పట్టేసింది. చివర ప్లగ్గు విప్పి చూస్తే లేత కాఫీ రంగులో ఉంది. అంటే పెట్రోలు సరిగ్గా అందుతోందన్నమాట. ఈలోపు రోడ్డువైపు మడిలో పూత రాలిపోయింది. మందు కొట్టేసరికే ఆలస్యమైంది. పానకాలు రాలిన పూతను చూస్తూ, "ఇది నా ఖాతాలోదే" అన్నాడు.

"నీకు ఖాతా ఏంటయ్యా, మాగాణి జమీందారువా?" అన్నాడు అంకమ్మరావు. "మిషను దించు, టీ తాగుదాం."

ఆ తర్వాత జెట్ బాగైన సంగతి ఊరంతా చాటింది అంకమ్మరావే, తన గొంతుతోనే. తీగలతో పొడిచి ఎవరెవరో పాడుచేసిన జెట్లు పొన్నూరు నుంచి కూడా రావడం మొదలైంది. కిందటి ఎండాకాలం ఒక స్ప్రేయర్ల కంపెనీ తరఫున ఉదయ్ కుమార్ అనే కుర్ర ఇంజనీరు వచ్చి, మెకానిక్కులందర్నీ కూర్చోబెట్టి, జెట్లలో డ్రిల్ బిట్లు పెట్టకూడదని చెప్పాడు. అందరూ పానకాలు వైపు తిరిగారు.

"నిజమేనండి, పెట్టకూడదు" అన్నాడు పానకాలు లేచి. "పెట్టి నేను ఒక చేను పూత రాల్చాను. కానీ కొత్తది దొరకడానికి పది రోజులు పడుతుంటే, పురుక్కి సెలవు చీటీ మీరు రాసిస్తారా?"

ఉదయ్ కుమార్ నవ్వాడు. సీసంతో నింపిన జెట్ ఒకటి అడిగి తీసుకుని, కళ్లద్దాలు పైకి నెట్టి, కిటికీ దగ్గర చాలాసేపు చూశాడు. మీటింగ్ అయ్యాక బిర్యానీ పొట్లాలు పంచారు. పానకాలు రెండు తీసుకున్నాడు, ఒకటి పిచ్చమ్మకి.