అరచేతి కింద జవాబు

మా అమ్మాయికి లెక్కలు చెప్పే టీచరమ్మ, ఎవరు జవాబు చెప్పినా బోర్డు మీద రాసి, దాన్ని అరచేత్తో మూసి, "ఎలా వచ్చిందమ్మా?" అని అడిగేవారు. సొంతంగా లెక్కలు నేర్చుకున్నవాణ్ణి కనుక నాకు ఆ ప్రశ్న ఇష్టం.

వారానికి రెండు బిట్ పరీక్షలు మొదలయ్యాక ఒకరోజు రేపల్లెలోని వాళ్ల బడికి వెళ్లి, గుమ్మంలో నిలబడ్డాను.

"ఆప్షన్ బి, టీచర్," అంది మా అమ్మాయి. టీచరమ్మ చెయ్యి బోర్డు దాకా లేచి ఆగిపోయింది.

"కరెక్ట్. తర్వాతది," అన్నారు.

"ఎలా వచ్చిందని అడగలేదేంటండి?" అన్నాను క్లాసయ్యాక.

"బిట్టుకి నిమిషమేనండి. మా క్లాసు మళ్లీ వెనకబడితే నన్ను తీసేస్తారు."

సాయంత్రం మేం ముగ్గురం ఇంటికెళ్లే తెనాలి బస్సులో ఆవిడ ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి, అమ్మాయి పుస్తకంలో ఆ జవాబు మీద అరచెయ్యి పెట్టారు. "ఎలా వచ్చిందమ్మా?"

"మిగతా మూడూ కొట్టేస్తే అదే మిగులుతుందన్నారుగా టీచర్!"

ఆవిడ చెయ్యి తియ్యకుండా మొదటి నుంచి చెప్పసాగారు. తెనాలి చేరేసరికి ఒక్క లెక్క పూర్తయింది.