చివర కోసే చెట్టు

మా పెద్దమ్మ పోయిందని ఫోన్ వచ్చేసరికి మేము బంగారుపాళ్యం దగ్గర మా తోటలో మామిడి కోత మొదలుపెట్టబోతున్నాం. నాయన చేతిలోని, కొనకు వలసంచి కట్టిన చిక్కం గడను చెట్టుకు ఆనించి, "ఈ పొద్దు కోత లేదు, పోండప్పా" అని కూలీలతో అన్నాడు. ఆమె ఆయనకు వదిన. తోటలో ఆయన మాటను కాదన్నది ఆమె ఒక్కతే.

కొన్నేళ్ల కిందట, ఇలాంటి కోతల్లోనే, ఒక తోతాపురి చెట్టు పైకొమ్మలో వంగపండు పిట్ట గూడు కనిపించింది. మా వైపు దాన్ని మాంగుయిలు అంటారు. మగది పసుపు ముద్దలా ఉంటుంది. కంటి మీదుగా కాటుక గీత, రెక్కల్లో నలుపు, గులాబి రంగు ముక్కు. ఆడదాని పసుపులో కొంచెం ఆకుపచ్చ కలిసి ఉంటుంది. కొమ్మ చీలిన చోట నారతో, సాలెగూడు దారాలతో గూడును ఉయ్యాలలా వేలాడదీస్తుంది. అదే చెట్టులో పసలపోలిగాడి గూడు కూడా ఉంది. కాకి వస్తే తరిమేది ఆ నల్లపిట్టే. "పక్కింట్లో పోలీసును పెట్టుకోనుండాది, గడుసుది" అని పెద్దమ్మ నవ్వేది.

ఆ రోజు కూలీల మేస్త్రి చిక్కం ఎత్తగానే పోలిగాడు దూసుకొచ్చి అతని తలగుడ్డ మీద తన్నింది. అతని కేకకు పెద్దమ్మ వచ్చి, పైకి చూసి, చెట్టు మొదట్లో కూర్చుంది.

"వదినా, గుజ్జు ఫ్యాక్టరీ టోకెను ఈ పొద్దుకే. లారీ నిలబడుండాది" అన్నాడు నాయన.

"కాయకు కాళ్లుండాయా, యాడికైనా పోయేదానికి? పిల్లలకు రెక్కలు రానీ, కోసుకుందువు."

"పండి రాలిపోతాదే!"

"రాలితే తాండ్ర పోస్తా. పోప్పా."

ఆ చెట్టు కాయ లేకుండానే లారీ పోయింది.

కొన్నాళ్లకు గూట్లోంచి ఒక పిల్ల కింది కొమ్మకు దిగింది. ఒళ్లంతా మాసిన రంగు, రొమ్ము మీద చారలు. నాయన గెలిచినట్టు అరిచాడు.

"సూడు వదినా! ఇది మాంగుయిలు కాదు, యేదో పిచ్చుక. దీనికోసమా చెట్టంతా పండబెట్టినావు?"

"నీ మీసం పుట్టినప్పుడే ఉన్నిందా? దానికీ రంగు వస్తాదిలే, ఆగు."

కూలీలతో పాటు నాయనా నవ్వాడు. పిల్లలన్నీ ఎగిరాయి. ఆ యేడు మా మిద్దె మీద తాండ్ర చాపలు చాపలుగా ఎండింది.

అప్పటి నుంచి కోతకు ముందు ఆమె సాలు సాలూ తిరిగి, గూడున్న చెట్టుకు పాత చీర పేలిక కట్టేది. ఆ చెట్టును చివర కోయాలి. పక్క తోటలవాళ్లు మొదట ఎగతాళి చేశారు. తర్వాత వాళ్లూ కట్టారు.

ఈ యేడు ఆమె మంచం దిగలేదు. కర్మ అయినాక కోతకు వచ్చిన మేస్త్రి గడ ముట్టుకోలేదు. "అమ్మ పేలిక యాడా కనపళ్లేదన్నా. ముందు గూడు యాడుండాదో సూడు. మళ్లా నేను తన్నించుకోలేను" అన్నాడు.

నాయన తల పైకెత్తి సాలు సాలూ తిరిగాడు. ఒక చెట్టు కింద చాలాసేపు నిలబడి, భుజం మీది తువ్వాలు తీసి మొదలుకు కట్టాడు.

ఇప్పుడు తోటంతా ఆకు మాత్రమే ఉంది. ఆ ఒక్క చెట్టు నిండా పండ్లు పసుపెక్కాయి. నిన్న పొద్దున ఆ పండ్లలోంచి ఒక పసుపు లేచి, ఈల వేసుకుంటూ పక్క చెట్టు మీద వాలింది. దాని వెనకే, ఇంకా రంగు రాని చారల పిల్లలు రెండు.