ఏ కల్?

మా మేనత్త పోయిందని మొన్న పొద్దున తమ్ముడు ఫోన్ చేస్తే నేను ఏడవలేదు. "ఎవలు చెప్పిండ్రు? చెప్పినోడు చూసిండా? చూసినోడు మళ్ళ చూసిండా?" అని అడిగాను. వాడు, "అక్కా, నువ్వు గూడ అత్త లెక్కనే అడుగుతున్నవ్" అన్నాడు. అప్పుడొచ్చింది ఏడుపు. ఆ మూడు ప్రశ్నలూ ఆమెవే.

ఆమె నాన్నకు అక్క. మామయ్య పోయినప్పటి నుంచి సూరత్‌లోని అమ్రోలిలో మా ఇంట్లోనే ఉండేది. నాన్న మగ్గాల కార్ఖానాకు వెళితే, అత్త ఇంట్లో కూర్చుని కొత్త చీరల మీద వేలాడే దారాలు కత్తిరించేది. ఒక్కో చీరనూ కిటికీ వెలుతురుకు పట్టి చూసేది, తిప్పి మళ్ళీ చూసేది. మనుషుల్నీ అంతే. పాలవాడు, ఆటోవాడు, టీవీలో వానొస్తుందని చెప్పేవాడు, ఎవరూ ఆమె అనుమానానికి అతీతులు కారు. అందులో సగం ఉత్త అనుమానాలే. ఒకసారి కూరగాయలామె తూకంలో మోసం చేసిందని పోట్లాడింది. మళ్ళీ తూచి చూస్తే ఎక్కువే ఉన్నాయి. అయినా తగ్గలేదు. "ఎక్కువెందుకేసింది? దాంట్ల ఏమున్నదో!" అంది.

నేను బి.కామ్‌లో చేరినప్పుడు మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషిని నేనే. నాన్న షరతు మీదే ఒప్పుకున్నాడు. "మొదటి పరీక్షల ఒక్క పేపర్ పోయినా సదువు బంద్. ఇంట్ల కూసోని చీరలకు రాళ్ళు అతికించాలె" అన్నాడు. నాన్న అన్న మాట తప్పే మనిషి కాదు. అందుకే యూనివర్సిటీ పరీక్ష కన్నా ఆ మాటే నన్ను ఎక్కువ భయపెట్టేది.

ఆ పరీక్షకు నేనెంత చదివానో, అత్త అంత అనుమానించింది. నేను పెదవులు కదపకుండా చదువుతుంటే, "సదువుతున్నవా, ఉత్తగ చూస్తున్నవా?" అనేది. సరే, గట్టిగా చదివేదాన్ని. అర్థశాస్త్రం, అదీ గుజరాతీలో. ఎక్కడ వేగంగా చదివితే అక్కడ కత్తెర ఆపి, "గాడ ఏదో దాటేసినవ్, మళ్ళ సదువు" అనేది. నిజానికి నాకు బాగా వచ్చినచోటే వేగంగా చదివేదాన్ని. చెప్తే నమ్మాలిగా!

జిరాక్సు దుకాణంలో ముఖ్యమైన ప్రశ్నలంటూ కాగితాల కట్ట అమ్ముతారు. అందరూ కొన్నారని నేనూ తెచ్చుకున్నాను. అత్త దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఏమడుగుతరో రాసేటోనికే తెల్వదు. అమ్మెటోనికి ఎట్ల తెలిసింది?" అంది. ఆ తర్వాత దాన్ని ముట్టుకోబుద్ధి కాలేదు.

హాల్ టికెట్ వచ్చాక అందులోని ఫొటోను నా ముఖం పక్కన పెట్టి చాలాసేపు చూసింది. "ఈ పోరి నువ్వేనా? వాళ్ళు నమ్మకపోతే?" అంది. ఫొటోలో నాకు రెండు జడలున్నాయి, పచ్చ కుర్తా ఉంది. పరీక్షకు అట్లాగే పోవాలని హుకుం. అమ్మ ఆ కుర్తా వెతికి, ఉతికి పెట్టింది.

పరీక్షకు ముందురోజు మధ్యాహ్నం మా క్లాసు వాట్సాప్ గ్రూపులో ఒక స్నేహితురాలి గొంతు వినిపించింది. "కల్ వాలా పేపర్ కేన్సల్ హో గయా!" అని అరిచింది. ఆ వెనకే కేకలు, నవ్వులు. మర్నాడు పొద్దున్నే అందరం డుమస్ పోయి సముద్రం చూస్తూ టమాటా భజియా తిందామని క్షణాల్లో ఖాయమైపోయింది. నేను పుస్తకం మూసేశాను. పక్కనే ఉన్న నాన్న, "ఇదేం యూనివర్సిటీ, గిట్లనా నడిపేది" అన్నాడు. అత్త కత్తెర ఆగింది.

"ఏ కల్?" అంది.

ఇంటిల్లిపాదీ నవ్వాం. ఆమె సూరత్‌కు కొత్తగా వచ్చినప్పుడు పనికి చీరలిచ్చే ఠేకేదారు "మాల్ కల్" అని చెప్పి పోయాడట. ఆమె మర్నాడంతా గుమ్మంలో కూర్చుంది. చీరలు అతను చెప్పిన రోజుకు ముందురోజే వచ్చి, పక్కింటావిడకు వెళ్ళిపోయాయట. ఆనాటి నుంచి హిందీ మీద ఆమెకు కోపం. "మనకు నిన్న వేరే, రేపు వేరే. రెంటికీ ఒక్కటే మాట పెట్టుకున్నోళ్ళను ఎట్ల నమ్ముడు?" అనేది. నేను పుట్టిందే సూరత్‌లో. కల్ అంటే నిన్నో రేపో నాకు ఎప్పుడూ తికమక కాలేదు. వెనకొచ్చే మాటే చెప్పేస్తుంది కదా.

"అత్తా, రేపటి పేపరే. మొత్తం గ్రూపంతా అంటోంది."

"ఎవలు చెప్పిండ్రు? చెప్పినోడు చూసిండా?"

విసుక్కుంటూ స్నేహితురాలికి ఫోన్ చేశాను. వాళ్ళ అన్న చెప్పాడంది. వాళ్ళ అన్నకు ఎవరో దోస్తు చెప్పాడట. చూసినవాడు ఒక్కడూ లేడు. ఆ మాట నేను మళ్ళీ మనసులో అనుకుంటే, నిజమే, అందులో నిన్నా లేదు, రేపూ లేదు.

"నడువ్, కాలేజీకి పోదాం" అని అత్త చెప్పులు వేసుకుంది. షేర్ ఆటోలో తాపీ నది వంతెన దాటేదాకా నేను ముఖం మాడ్చుకునే ఉన్నాను. కాలేజీ గేటు దగ్గర ప్యూన్‌ని అడిగితే గుజరాతీలో చెప్పాడు. గఈకాల్‌ది, అంటే నిన్నటిది. వేరే కోర్సు వాళ్ళకు ప్రశ్నపత్రాలు తారుమారై రద్దయిందట. ఆవతీకాల్‌ది, అంటే రేపటిది, ఉంది. ఆ గేటు ముందే అత్తను కౌగిలించుకున్నాను. ఆమె మాత్రం ప్యూన్‌నే చూస్తోంది. "ఈనె చూసిండా అడుగు" అంది. పాపం ఆయన లోపలికి తీసుకెళ్ళి నోటీసు చూపించాడు.

గ్రూపులో పెడితే కొందరు నన్నే అనుమానించారు. తాను చదువుకుంది కదా, మన డుమస్ చెడగొడుతోంది అన్నారు. మర్నాడు రెండు జడలతో, పచ్చ కుర్తాతో నేను పరీక్ష రాస్తుంటే నా పక్క బెంచీ ఖాళీగా ఉంది. నా హాల్ టికెట్ ఫొటో వైపు ఎవరూ కన్నెత్తి చూడలేదు. ఆ సంగతి అత్తకు చెప్పలేదు.

ఫలితాలు వచ్చాక ఆమెను డుమస్ తీసుకెళ్ళాను. నల్ల ఇసుకను చూసి, "గిట్ల నల్లగున్నదేంది, ఏం కలిపిండ్రు?" అంది. భజియా విప్పి టమాటాను రెండువైపులా పరీక్షించి తిన్నది. ఇప్పుడు నేను ఇచ్ఛాపూర్‌లో ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో ఉద్యోగం చేస్తున్నాను. ఆమె ఆనాడు చెప్పులు వేసుకోకపోతే ఈ పాటికి రాళ్ళు అతికిస్తూ ఉండేదాన్ని.

ఆస్పత్రిలో చివరిసారి కలిసిన సాయంత్రం నర్సు నవ్వుతూ, "అమ్మా, ఛుట్టీ కల్" అంది, ఇంటికి పంపేస్తామని. అత్త నా వైపు తిరిగి ఒక కనుబొమ్మ ఎత్తింది. "ఏ కల్ బిడ్డా?"

"వచ్చే కల్ అత్తా" అన్నాను. నవ్వింది. నమ్మలేదు.

నిన్న ఆమె కూర్చునే చోట కూర్చున్నాను. దారాలు సగందాకా కత్తిరించిన చీర ఒకటి మడతపెట్టి ఉంది. మిగతా సగం పూర్తిచేశాను. చూసినోడు మళ్ళ చూసిండా అంటుందని, ఆమె చూసిన సగాన్నీ కిటికీ వెలుతురుకు పట్టాను. అంచు దగ్గర ఒక్క దారం వేలాడుతోంది. చూపు తగ్గిందని ఆమె మాకెవ్వరికీ చెప్పలేదు. కత్తెర దానిదాకా తీసుకెళ్ళి, కత్తిరించలేక అలాగే కూర్చున్నాను.